ఉప్పు తక్కువైన వాయి

చీకటి పడ్డాక జహనుమా సందులో ఆగమ్మ మిర్చిబజ్జీల బండి ఒక్కటే మిగిలింది. గిరాకీ పెంచడానికి పిలిపించుకున్న రీల్స్ పిల్ల వీణ, అప్పుడే తీసిన వీడియో చూపించింది.

"పెద్దమ్మా, వెనకాల ఎవరో మాట్లాడిన్రు. గా మాట కట్ చెయ్యాల్నా?"

వీడియోలో నూనె చిటపటల్లోంచి ఒక మగగొంతు మెల్లగా వినిపించింది. "ఉప్పు తక్కువైంది, ఆగమ్మా."

ఆమె చేతిలో చిల్లుల గరిటె ఆగిపోయింది. ప్రతి వాయీ రుచి చూసి ఆ మాట అనేది ఆమె భర్త ఇశ్రాయేలు ఒక్కడే. ఆయన పోయి ఏడాది దాటింది. బజ్జీ తుంచి నోట్లో వేసుకుంది. నిజంగానే ఉప్పు తక్కువైంది.

"ఉండనీ బిడ్డా. ఇంకోటి తీయి."

"ఇదే మస్తు నడుస్తది పెద్దమ్మా. ఇంకోటి ఎందుకు?"

ఆగమ్మ మళ్లీ శనగపిండి కలిపింది. ఉప్పు డబ్బా ముట్టుకోలేదు. వాయి వేయించి తీసి, మొదటి బజ్జీని ఇశ్రాయేలు కూర్చునే స్టూలు మీద పెట్టి, పొయ్యి ఆర్పేసింది. నూనె సద్దుమణిగింది. సందంతా నిశ్శబ్దం.

స్టూలు వైపు ఫోన్ పట్టి వీడియో తీస్తూ తెరలోకి చూస్తున్న వీణ ఒక్కసారిగా వెనక్కి జరిగింది.

ఆగమ్మ మాత్రం స్టూలు దగ్గరికి వంగింది.

"ఈసారి ఉప్పు అసలే వెయ్యలేదయ్యా. జర రుచి చూసి చెప్పరాదు."