ఆళ్లగడ్డ సాయిశ్రీ

“ఆమెను పిల్చుకొని రావాల్సింది నువ్వే,” అన్నాడు నాగేశ్వరరావు, పరుపుల అంగడి గడప మీద నిలబడి.

హుస్సేన్ వలి దూది కూరుతున్న చెయ్యి ఆపలేదు. “యాల సార్? నాకేం పనిలేదా?”

నాగేశ్వరరావు రిటైరైన తెలుగు మాస్టారు, నంద్యాల సాహితీ సంఘానికి అధ్యక్షుడు. అనుకున్న పని చేయించకుండా కదిలే మనిషి కాదు.

“మన సంఘంలో కథలు రాసేది నువ్వొక్కడివే గదప్పా. పైగా సాయిశ్రీ అడ్రసు ఆళ్లగడ్డలో మీ దోస్తు ఓబయ్య శిల్పశాలే. వారపత్రిక పోటీలో మొదటి బహుమతి కొట్టిన మనిషిని ఇంతవరకు ఎవురూ చూసిందిలే. ఆదివారం సన్మానం. ఆమె గురించి స్టేజీ మీద నువ్వే మాట్లాడాల.”

సాయిశ్రీ పేరు వింటేనే హుస్సేన్ వలికి ఒళ్లు మండుతుంది. పద్దెనిమిదేళ్లుగా రాస్తున్నాడు. ఈమె పేరు పత్రికల్లో కనబడి మూడేళ్లు. ఆమె కథ పంపితే చాలు, అచ్చు. హుస్సేన్ వలి పేరుతో పోయినవన్నీ గోడకు కొట్టిన బంతుల్లా తిరిగొస్తున్నాయి. ఈ పోటీకీ అతని పేరుతో ఒక కథ వెళ్లింది. సాధారణ ప్రచురణకు కూడా ఎంపిక కాలేదు. ఇప్పుడు ఆమెకు శాలువా కప్పుతుంటే పక్కన నిలబడి పొగడాలి. ఇంతకంటే అన్యాయం ఉంటుందా?

అంగడి వెనకే ఇల్లు. అతను లోపలికి వెళ్లేసరికి భార్య అమీర్‌బీ తెల్లచొక్కాకు ఊడిన గుండీ కుడుతోంది. ఒళ్లో వారపత్రిక తెరిచి ఉంది.

“ఇప్పుడెందుకు ఆ చొక్కా?”

“ఆదివారం సభ గదా. సార్ మాటలు ఇనపడినాయిలే.” సూదిని జడలో గుచ్చుకుని పత్రిక చేతిలోకి తీసుకుంది. “ఈ సాయిశ్రీ కథ మూడుసార్లు చదివినా. ఇందులో అత్త పరుపు కుట్టి కుట్టి సూదిని జడలో గుచ్చుకుంటాది. అచ్చం నా మాదిరే.”

“ఆడోళ్లు అందరూ అంతే.”

“ఏమో. నీ కథల్లో మనుషులు ఉపన్యాసాలు ఇస్తారు. ఈమె కథల్లో నవ్వుతారు, కొట్లాడుతారు, అన్నం తింటారు. ఆ అత్త సచ్చిపోతే నాకు ఏడుపు ఆగలే.”

“అయితే పోయి ఆమెతోనే కాపురం చెయ్!” అని అరిచాడు.

అమీర్‌బీ నోరు మూసుకుని నవ్వింది. తర్వాత మెతుకులతో అంటించిన కవరొకటి తెచ్చి అతని జేబులో పెట్టింది. “ఆళ్లగడ్డకు ఎట్లాగూ పోతాండావ్ గదా. ఇది సాయిశ్రీ చేతికే ఇవ్వు. ఇంకెవురూ ఇప్పగూడదు.”

బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా అతనికి కుదురు లేదు. కవరును జేబులోంచి తీసి చూసుకున్నాడు, మళ్లీ పెట్టుకున్నాడు. పద్దెనిమిదేళ్లలో అమీర్‌బీ తన కథ గురించి ఒక్క ముక్క రాసివ్వలేదు. ఆ సాయిశ్రీకి మాత్రం జాబు!

శిల్పశాలలో ఓబయ్య నల్లరాతి అమ్మవారి పీఠం మీద అక్షరాలు చెక్కుతున్నాడు. రాతిదుమ్ము అతని కనురెప్పల మీద కూడా పేరుకుంది.

“సన్మానమంట,” అన్నాడు హుస్సేన్ వలి, కూర్చోకుండానే. “శాలువా, దండ, అన్నీ సాయిశ్రీకే.”

ఓబయ్య గట్టిగా నవ్వాడు. “మంచిదే గదప్పా.”

“నవ్వొద్దు. కడుపు రగిలిపోతాంది నాకు.”

“ఆమె రాదని చెప్పెయ్.”

“ఈసారికి చెప్తా. మళ్లీ పిలిస్తే?” అటూ ఇటూ తిరిగి పీఠం ముందు ఆగాడు. విగ్రహం చేయించిన దాత పేరు, ఆయన తండ్రి పేరు చెక్కి ఉన్నాయి. “ఆరు నెలలు కష్టపడింది నువ్వు. నీ పేరు యాడ?”

“చెక్కినోని పేరు యాడా పెట్టం. మా తాత కాలం నుంచీ అంతే.”

“మండదా నీకు?”

ఓబయ్య ఉలి పక్కన పెట్టాడు. “మండకేం, మండుతాది. అప్పుడు నేను చెక్కిన విగ్రహం ఉండే గుడికి పోయి ఒక మూల నిలబడతా. ఆ మొగాన్ని చూసి ఎవురో ఒకరు కండ్లు తుడుచుకుంటారు. అది చూస్తే సల్లబడతా. నువ్వు ఆ కథ సదివేటోళ్ల మొగాలు ఎప్పుడన్నా చూసినావా?”

పొద్దున అమీర్‌బీ ఏడుపు ఆగలేదంటున్నప్పుడు తను ఆమె ముఖం వైపే చూడలేదని హుస్సేన్ వలికి గుర్తొచ్చింది. సిగ్గేసింది. అయినా మంట పూర్తిగా చల్లారలేదు.

బస్టాండు నుంచి నాగేశ్వరరావుకు ఫోన్ చేశాడు. “సార్, ఆమె రాదు.”

“యాల?”

“జనం ముందుకు రావాలంటే భయమంట.”

“అయ్యో! సరే, స్టేజీ మీద ఆమె కుర్చీ ఖాళీగా పెడదాం. శాలువా కుర్చీకే కప్పుదాం. నువ్వు మాత్రం బాగా మాట్లాడాలప్పా.”

ఖాళీ కుర్చీకి శాలువా! ఆ మాట పచ్చిమిరపకాయ కొరికినట్టు తగిలింది. బస్సెక్కాక కూడా ఆ కుర్చీ కళ్ల ముందునుంచి కదల్లేదు. జేబులో కవరు అలాగే ఉంది. సాయిశ్రీ చేతికే ఇవ్వమంది అమీర్‌బీ. శిరివెళ్ల దాటాక ఇక ఆగలేక చించాడు.

లోపల ఒకటే వాక్యం: “సాయిశ్రీ గారూ, సభకు నీ తెల్లచొక్కా గుండీ కుట్టిపెట్టినా.”