గాలిలో ఆగిన డ్రాగన్

"దీంట్ల కూడా లేదు, చూడు," అన్నాడు షుకూర్, పుస్తకాన్ని బల్ల మీద బోర్లా పడేస్తూ.

బూర్గంపాడు సెంటర్లో అతనిది కిరాయి పుస్తకాల షాపు. ఇంటింటికీ కేబుల్ టీవీ వచ్చాక పాత నవలలు అడిగేవాళ్లు తగ్గారు. అందుకని ఈ ఏడు పిల్లల కోసం డ్రాగన్ కథలు తెప్పించాడు. పిల్లలు ఎగబడ్డారు. ఎగబడ్డవాళ్లే తిరిగొచ్చి గొడవ పెట్టారు. ఏ పుస్తకంలోనూ కథ పూర్తి కాలేదు. చివరి కాగితం లేదు.

దస్రు మెట్ల కింద నిలబడ్డాడు. పక్కన కూతురు గోరి. హాస్టల్లో ఉండి ఏడో తరగతి చదువుతోంది.

"కొత్తయి తెచ్చిన దస్రూ. వచ్చిన రోజే కూసోని అన్నిటికి గట్టి అట్టలేసిన. అన్నీ మొదలు పట్కపోయింది నీ బిడ్డనే. ఇంకెవర్నని అనాలె?"

"నేను చింపలే బా," అంది గోరి తండ్రితో. "నేను తీస్కపోయినప్పుడే గట్ల ఉన్నయి."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలే?" అన్నాడు షుకూర్.

"కథ గట్లనే అయిపోతదనుకున్న."

బజ్జీల బండి దగ్గరున్నవాళ్లు నవ్వారు.

"కడ కాగితాలన్నీ కుట్టి ఇంకో పుస్తకం చేస్తదేమో," అన్నాడొకడు.

"తండాల షాపు పెడ్తది. షుకూర్ భాయ్, ఇగ నీ పని అయిపోయినట్టే," అన్నాడు ఇంకొకడు.

దస్రు తల ఎత్తలేదు. భార్య పోయిన నాటి నుంచి ఎవరి ముందూ మాట పడకుండా బతికాడు. ఇవాళ పడ్డాడు. కూతురి వల్ల.

ఆదివారం తండాకు వచ్చినప్పుడల్లా గోరి ఆ కథలే చెప్పేది. "డ్రాగన్ అంటే రెక్కలున్న పాము బా. నిప్పు ఊదుతది." కోట కాలిపోతుంటే ఒక అమ్మాయి డ్రాగన్ మీదెక్కి పైకి లేచేది. "ఆ తర్వాతేంది?" అని అడిగేవాడు. "అంతే బా. గాల్లనే ఉన్నరు." ప్రతి కథా అంతే. ఎవరూ నేలకు దిగేవారు కాదు. అతనికి నవ్వొచ్చేది.

షాపు ముందు అవన్నీ గుర్తొచ్చాయి. అయినా నోరు తెరవలేదు. నలుగురిలో సిగ్గు అంత పని చేసింది.

అటునుంచి అటే హాస్టల్‌కు వెళ్లి ఆమె పెట్టె బోర్లించాడు. కాగితాలు దొరకలేదు. దొరకనందుకు ఇంకా మండింది.

"కాలవెట్టినవా?"

గోరి కింద పడ్డ బట్టలు ఏరి మళ్లీ పెట్టెలో సర్దింది.

వార్డెన్ అడ్డం వచ్చింది. "మంచిగ చదువుతది దస్రూ, ఎందుకు తీస్కపోతవ్?"

"దొంగకు చదువెందుకు మేడం," అన్నాడు. పెట్టె నెత్తిన పెట్టుకుని నడిచాడు. వెనకే గోరి.

మర్నాడే పత్తి చేలో కలుపుకు పంపాడు. హాస్టల్లో ఆమె సీటు వేరే పిల్లకు ఇచ్చేశారు. గోరి కథలు చెప్పడం మానేసింది. అతనూ అడగలేదు. క్షమించడం అతనికి చేతకాదు.

శ్రావణంలో గోదారి పొంగింది. షుకూర్ షాపులోకి నడుము లోతు నీళ్లొచ్చాయి. వరద తీశాక దస్రు పిలవకుండానే వెళ్లాడు.

"కూలి వద్దు సేటూ. నా బిడ్డ చేసినదానికి గిదన్న చెయ్యనియ్యి."

షుకూర్ పార అతని చేతికిచ్చాడు.

బురద ఎత్తిపోశాడు. తడిసిన పుస్తకాలు మోసుకొచ్చి పట్టా మీద ఎండకు పరిచాడు. బొమ్మలు చూడగానే డ్రాగన్ పుస్తకాలు ఏవో తెలిసిపోయింది. వాటిని ముట్టుకోవడానికి కూడా సిగ్గేసింది. షుకూర్ చూస్తున్నాడేమోనని ఒకటి గబగబా తీసి, అట్ట తెరిచి నీళ్లు వంపబోయాడు.

నానిన మైదా జిగురు వదిలేసి వెనక అట్ట లోపలి ఖాకీ కాగితం ఊడి చేతిలోకి వచ్చింది. దాని కింద, పుస్తకం గట్టిగా ఉండాలని షుకూర్ తన చేత్తో అట్టకు అతికించేసిన చివరి కాగితం మీద, డ్రాగన్ రెక్కలు ముడిచి ఆ అమ్మాయిని మెల్లగా నేల మీద దించుతోంది.