చివరి వంతు

మురళీధర్ పోయిన రోజు సాయంత్రానికి పరాయి దేశంలో వాళ్లుంటున్న మాసన్ లేక్స్‌లోని జపనీస్ హోటల్లో టేబుల్ బుక్ చేసి ఉంది. నగోయా వైపు వండే పాముచేప అన్నం ఒక్కసారైనా తినాలని అతని ఆశ.

పదకొండో రోజున పిండాన్ని కాకి ముట్టలేదు. తీరని కోరిక ఏదో భార్య వీణకు తెలుసు. నీచు తగలకూడని రోజులైనా, చీకటి పడగానే మరిది భార్గవ్‌ను వెంటబెట్టుకుని ఆ హోటల్‌కు వెళ్లింది. ఎదుటి ఖాళీ కుర్చీ ముందు కూడా ఒక గిన్నె పెట్టించింది.

వడ్డించిన అమ్మాయి తినే పద్ధతి చెప్పి వెళ్లింది. గిన్నెలోది మూడు వంతులు చేసుకుని, మొదటి వంతు ఉత్తగా, రెండోది ఉల్లికాడలతో, చివరిది వేడి చారు పోసుకుని తినాలట.

"పిండం ఇక్కడి మ్యాగ్‌పై పిట్టలకి పెట్టాల్సింది వదినా. అవైతే మీదపడి లాక్కునేవి," అన్నాడు భార్గవ్.

వీణ నవ్వబోయి ఆగింది. ఎదుటి గిన్నెలో ఒక వంతు లేదు.

"నువ్వు తిన్నావా?"

"నాదే ఇంకా టచ్ చెయ్యలేదు."

హోటల్లో మాటలు సద్దుమణిగాయి. ఎవరో నింపాదిగా నములుతున్న చప్పుడు మాత్రం దగ్గరగా వినిపిస్తోంది. ఉల్లికాడలు తగ్గాయి. కాసేపటికి రెండో వంతూ అయిపోయింది. చప్పుడు ఆగింది.

భార్గవ్ గొంతు తగ్గించాడు. "చారు పోసెయ్యి వదినా. తినేసి అన్నయ్య వెళ్లిపోతాడు."

వీణ చారు కూజా చేతిలోకి తీసుకుంది. అది ఆ చేతిలోనే చల్లారిపోయింది. ఆమె ఇంకా చారు పోయలేదు.