గురక పద్యం

"ఎవరా మహాకవి?" టీచరమ్మ బోర్డు వైపు చూపించింది.

గురక పెట్టగ టీచరు కుర్చి కదిలె,
బెరుకు బెరుకున డస్టరు బెంచి దూరె!

పిల్లలంతా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

నెల రోజులుగా యతి, ప్రాస అంటూ ఆవిడ గొంతు చించుకుంటుంటే ఒక్కరూ తలెత్తింది లేదు. మరి ఇదెవరి పని?

"సర్లే, ఎవరైతేనేం! రెండో పాదంలో యతి తప్పింది."

"తప్పలేదు టీచర్!" ఏడాదంతా నోరు విప్పని ముందు బెంచీ పిల్ల చటుక్కున లేచింది. "'బెరుకు'కి 'బెంచి' కుదిరింది కదా!" అనేసి నాలిక్కరుచుకుంది.

"కుదిరిందని నాకూ తెలుసు. రాసిందెవరో తెలియకే అలా అన్నాను."

ఆ పిల్ల చేతిలో సుద్దముక్క పెట్టి టీచరమ్మ కుర్చీలో వెనక్కి వాలింది.

"ఇంకా రెండు పాదాలున్నాయి. నువ్వు రాస్తుండు, నేను కునుకు తీస్తుంటాను."