గుడ్లకు జ్వరం

పిల్లలూ, పొదుగుతున్న కోడి కింద గుడ్డు వెచ్చగా ఉంటే దానికి జ్వరం వచ్చినట్టా? మీరు నవ్వుతున్నారు గానీ, చుక్కలపెట్ట నిజంగానే నమ్మబోయింది. పాపం, గుడ్లు పొదగడం దానికదే తొలిసారి. కుంటలో వైద్యం చేసే బోదురుకప్ప ఒకనాడు బుట్టలోకి తొంగిచూసి, గుడ్డు మీద చెయ్యి వేసి ఉలిక్కిపడ్డాడు.

"అమ్మో, కాలిపోతోంది తల్లీ! వీటిని వెంటనే కుంటనీళ్ళలో నానబెట్టాలి. మా ఇంట్లో గుడ్లన్నీ నీళ్ళలోనే పెరిగాయి!"

పెట్ట ఒకసారి గుడ్ల వైపూ, ఒకసారి కుంట వైపూ చూసింది.

"అందరూ ఆయన దగ్గరికే వెళ్తున్నారు వదినా, ఇంకా ఆలోచిస్తావేం?" అని పక్కనున్న గిన్నెకోడి తొందరపెట్టింది.

పెట్ట లేచి, ఒక గుడ్డును బుట్ట అంచుదాకా దొర్లించి ఆగింది.

"వైద్యుడుగారూ, ఇంతకుముందు మీరు నానబెట్టిన గుడ్లు ఏమయ్యాయండీ?"

కప్ప గొంతు ఉబ్బించాడు. "ఇంతవరకు ఒక్క గుడ్డు కూడా నా మీద ఫిర్యాదు చెయ్యలేదు!"

"మరి ఒక్క పిల్లయినా బయటికొచ్చి మీకు దణ్ణం పెట్టిందా? ఆ పిల్లను చూపించండి, నేనూ నానబెడతాను."

కప్ప గిన్నెకోడి వైపు చూశాడు. గిన్నెకోడి నేలచూపులు చూసింది.

"నావి ఇంకా నానుతున్నాయి వదినా," అంది మెల్లగా. "పోయిన వానాకాలం నుంచి."

పెట్ట గబుక్కున గుడ్డును లోపలికి లాక్కుని, రెక్కలు పరిచి కూర్చుంది. తర్వాత పిల్లలు బయటికొస్తే, "నేను చెయ్యి వేసిన మహిమ!" అని కప్ప అరవకుండా ఉంటాడా? అరిచాడు. బుట్టనిండా కిచకిచల్లో అది ఎవరికీ వినపడలేదు.

సరే, జరగండి. రోట్లో పచ్చడి సగం నూరి వచ్చాను.