నాలుగో పాదం

"రాశావా?" అని అడిగాడు దర్జీ తాత, సూదిలో దారం ఎక్కిస్తూ.

"ఒక్క ముక్క చెప్పి పావుగంట ఆగితే ఏం రాయను తాతయ్యా?" అంది మనవరాలు, కటింగు బల్ల మీద కాగితం సర్దుకుంటూ.

బస్సు డ్రైవర్ మీద స్మృతి పద్యం. రేపోమాపో నలుగురి ముందు చదవాల్సింది. ఆటో వచ్చేలోగా పూర్తవ్వాలి. పైగా, ఎదురుగా స్టూలు మీద కూర్చున్న తాత బావకు నచ్చితే తప్ప చదవడానికి వీల్లేదని ఒప్పందం. ఉతికిన చొక్కా వేసుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని, బావ పెళ్ళికొడుకులా బిగుసుకుని ఉన్నాడు.

"టీ తెప్పించనా బావా?" అన్నాడు తాత.

"వద్దు. ఇవాళ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. ముందు పద్యం కానియ్."

మనవరాలు చదివింది.

"హారను మోగితే చాలు, మాట మధ్యలో లేచేవాడు.
క్యారమాడితే ఎర్రబిళ్ళ మాయం చేసేవాడు."

"ప్రాస కుదిరింది తాతయ్యా. ప్రతి పాదంలో రెండో అక్షరం ర రావాలి. మిగతా రెంటికీ అలాగే చెప్పు."

"గుండీలన్నీ ఒకే వరసలో కుట్టినట్టన్నమాట. సరే."

"ప్రాస సంగతి తర్వాత. ఆ ఎర్రబిళ్ళ కొట్టెయ్," అన్నాడు బావ. "అది అబద్ధం."

"కళ్ళారా చూశాను."

"చావు పద్యంలో దొంగతనమేంటయ్యా? నలుగురూ నవ్విపోతారు."

"నవ్వనీ. మంచోడు, మహానుభావుడు అంటే ఎవడేడుస్తాడు? అందరి గురించీ అదేగా చెప్తారు. ఎర్రబిళ్ళ అంటే వాడొక్కడే గుర్తొస్తాడు. ముందు నవ్వుతారు, ఆ నవ్వుతూనే ఏడుస్తారు."

బావ గొణుక్కున్నాడు. మనవరాలు నవ్వు ఆపుకుంది. తాత మూడోది చెప్పాడు.

"మారాం చేసే పిల్లల్ని తన పక్కన కూర్చోబెట్టుకునేవాడు."

"ఇది బాగుంది," అన్నాడు బావ వెంటనే. "ఇలాంటివి ఇంకో రెండు తగిలించు."

"ఉన్నవి నాలుగు పాదాలే బావా."

తాత సూది పక్కన పెట్టాడు. వీధిలోకి చూశాడు.

"దారంట బస్సులు పోతూనే ఉన్నాయి, నువ్వు..."

మనవరాలు తలెత్తింది. "తర్వాత?"

"అంతే."

"సగంలో ఆపితే ఎలా తాతయ్యా?"

"వాడు ఏనాడైనా మాట పూర్తిచేశాడటే?"

"అది కాదు," అన్నాడు బావ. "మూడు పాదాలూ వాడు వాడు అని, ఇక్కడ నువ్వు అన్నావేం?"

"ఆ మూడూ జనానికి. ఇది వాడికి."

బావ చొక్కా అంచుతో కళ్ళొత్తుకున్నాడు. "ఏడిపించావు పో. పద్యం పాసయింది. కానీ ఆ సగం పాదం మాత్రం ఒప్పుకోను. చివర్లో ఏం పెట్టాలంటే..."

బయట ఆటో హారను మోగింది. బావ మాట అక్కడే వదిలేసి, సంచీ పట్టుకుని గబగబా మెట్లు దిగాడు.

"చూశావటే?" అన్నాడు తాత. మనవరాలు పకపకా నవ్వింది. ఆటో ఎక్కబోతూ బావ వెనక్కి తిరిగాడు.

"ఆపరేషనయ్యాక నేనే వచ్చి పూర్తిచేస్తా," అన్నాడు ఆ బస్సు డ్రైవర్.