వేలెడు తేడా

"ఇంకా వేలెడు తేడా ఉంది జైరామ్," అట్టముక్క మీద పడిన రెండు చిల్లుల మధ్య చూపుడువేలు ఆనించి అన్నాడు హమూద్ అర్బాబ్. "తూటాలన్నీ ఒకే చిల్లులో దూరాలి."

జయరాముడు తల ఊపాడు. అరబ్బు దేశంలో, బర్కా ఊరికి పైన కొండల వైపున్న ఆ ఖర్జూర తోటలో అతను పనివాడు. యజమానిని అక్కడ అర్బాబ్ అంటారు; ఆయన ఇంట్లో వంట చేసేది జయరాముడి భార్య పెంచలమ్మ. కీళ్ళవాతంతో ముసలాయన వేళ్ళు వంకరపోయాక, ఆయన పాత వేట తుపాకికి తూటాలు తయారుచేసే పని కూడా జయరాముడి మీదే పడింది. పేలిన ఇత్తడి గుల్లలు ఏరి, శుభ్రం చేసి, కొత్త మందు తూచి పోసి, కొసన గుండు బిగించాలి. కొట్లో కొన్నవాటికన్నా ఇలా చేత్తో చేసినవే చెప్పినచోటికి పోతాయని అర్బాబ్ నమ్మకం.

"ఇంత గురి దేనికి అర్బాబ్?" టీ తెచ్చిన పెంచలమ్మ తనకొచ్చిన హిందీలో అడిగింది.

ఆయన గడ్డంతో కంచె అవతలికి చూపించాడు. "దానికోసమే."

అక్కడ తుమ్మచెట్టు నీడలో ఒక జింక, దాని పొట్టకు ఆనుకుని చిన్న పిల్ల. రోజూ తుపాకి చప్పుడు విని విని అలవాటుపడి, ఇప్పుడు చెవి కూడా కదపడం లేదు.

"శుక్రవారం పట్నం నుంచి జీపుల్లో దొంగ వేటగాళ్ళు వస్తారట. వాళ్ళు వచ్చేలోపే నా పని కావాలి," అన్నాడు అర్బాబ్.

పెంచలమ్మ టీ పళ్ళెం కింద పెట్టేసి కంచె కేసి చూసింది. ఎండలు ముదిరినప్పటి నుంచి పుచ్చకాయ తొక్కలు వేసి ఆ జింకను మచ్చిక చేసుకున్నది ఆమే. ఊళ్ళో తల్లి దగ్గర వదిలివచ్చిన కూతురి గొంతు క్యాసెట్టులో విన్న రోజున మరో రెండు తొక్కలు ఎక్కువే వేసేది.

రూముకు రాగానే మొగుణ్ణి పట్టుకుంది.

"ఏందయ్యా, పిల్లతల్లిని సంపడానికి తూటాలు చేస్తాండావా?"

"నేను చేసేది తూటానే. గురి ఆయనది."

"ఆ మాట జింకకి చెప్పు, సంతోషపడతాది! ఒక్కటన్నా పనికిరాకుండా చెయ్యరాదా?"

"అన్నంలో కావాలని రాళ్ళు పోస్తావా నువ్వు?"

"ఒక పేణం కోసమైతే పోస్తా!"

ఆ సాయంత్రం ఆమె కంచె దాటి వెళ్ళింది. "పో! పోవే కొండకి!" అని చేతులు ఊపింది. జింక నింపాదిగా చూసింది. మట్టిబెడ్డ విసిరింది. జింక దగ్గరికి వచ్చి, అదీ తొక్కేననుకుని వాసన చూసి, పిల్లను కూడా వెంటబెట్టుకుని ఇంకో నాలుగడుగులు ముందుకు వేసింది. పెంచలమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

మర్నాడు జయరాముడు మందు పోసిన గుల్లల్ని బల్ల మీద నిలబెట్టి, గుండ్లు బిగించేముందు నమాజు గదిలో నీళ్ళు పెట్టడానికి వెళ్ళాడు. ఆమె గబగబా ఒక్కో గుల్లలోంచి కాస్తంత మందు ఒంపేసింది.

అతను తిరిగొచ్చి, కూర్చుని, గుల్లల్లోకి తొంగిచూసి ఆగిపోయాడు. ఒకటి తాసులో పెట్టాడు. తర్వాత భార్య ముఖం కేసి చూశాడు.

"మందు తగ్గితే గుండు గొట్టంలోనే ఇరుక్కుంటాది పెంచలమ్మా. అది తెలీక ఆయన ఇంకోటి పేలిస్తే, తుపాకి ఆయన మొగం మీదే పగుల్తాది."

పెంచలమ్మ జ్వరంతో పడి ఉన్నప్పుడు, ఆ వంకర వేళ్ళతోనే గంజి కాచి రూముదాకా మోసుకొచ్చిన మనిషి ఆయన.

"నాకు తెలీదయ్యా," అంది. "ఆయనకేమీ కాకూడదు. దానికీ ఏమీ కాకూడదు. నేనేం చెయ్యాల?"

జయరాముడు మందంతా పారబోసి మళ్ళీ మొదటి నుంచి తూచాడు. చెయ్యి ఖాళీ అయినప్పుడల్లా కళ్ళు తుడుచుకున్నాడు కానీ, తూకంలో మాత్రం తేడా రానివ్వలేదు.

గురువారం తెల్లవారుతుండగా ముగ్గురూ కంచె దగ్గరికి వెళ్ళారు. అర్బాబ్ బోర్లా పడుకుని ఇసుక మూట మీద తుపాకి ఆనించాడు. మనుషుల్ని చూసి జింక తలెత్తింది. పారిపోలేదు. ఆశగా ఇటే నడిచి వచ్చి, ఒక తెల్లరాయి పక్కన నిలబడింది. పిల్ల దాని వెనక్కి చేరింది.

పెంచలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కళ్ళు మూసుకుంది.

తుపాకి పేలింది.

కళ్ళు తెరిచేసరికి జింక ముందుకాలి పక్కనున్న తెల్లరాయి ముక్కలై ఎగురుతోంది. జింక గాలిలోకి లేచింది. పిల్లతో సహా కొండకేసి ఒకటే పరుగు. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. మనిషంటే అంత భయం దానికి ఎన్నడూ లేదు.

"తప్పింది! తప్పిందయ్యో!" పెంచలమ్మ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. అంతలోనే నాలిక కరుచుకుని, "పోనీలే అర్బాబ్, చూపు తగ్గింటాది, పెద్దోళ్ళు కదా," అంది.

జయరాముడు తల వంచుకున్నాడు. "నా తూటాలోనే ఏదో తేడా ఉండుంటుంది అర్బాబ్."

హమూద్ అర్బాబ్ మోకాళ్ళు పట్టుకుని లేచాడు. కొండ మీద రెండు చుక్కలు కనుమరుగయ్యేదాకా చూశాడు. "ఇక రేపు ఎవరొచ్చినా అది మనిషి దగ్గరికి రాదు," అన్నాడు. తర్వాత జయరాముడి భుజం మీద చెయ్యి వేశాడు.

"నీ తూటాలో వెంట్రుకవాసి తేడా లేదు జైరామ్. నేను గురి పెట్టింది రాయికే."